పాత బ్రౌజర్‌కు తలుపులు మూయాలా?

హెచ్చరిక అవసరమే... వెలివేత తగదు
సొమ్ము, గుర్తింపు వివరాలున్న చోటే కట్టడి సమంజసం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: డిగ్రీ ప్రవేశం మొదలు భవిష్య నిధి వరకు, భూమి రికార్డు మొదలు జీఎస్టీ రిటర్ను వరకు ఏ పని కావాలన్నా నేడు ముందుగా వెబ్‌సైట్ గడప తొక్కవలసిందే. ఆ గడప దగ్గరే ‘మీ బ్రౌజర్ పాతది, కొత్తది వేసుకుని రండి’ అన్న ఒక్క వాక్యం అడ్డు నిలిస్తే సామాన్యుడి పని అక్కడితో ఆగిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న చందంగా, ప్రభుత్వం ఇచ్చిన సౌకర్యం చేతిలోని పాత ఫోన్ కారణంగా అందకుండా పోతుంది. కాగా, ఈ అడ్డంకి పెట్టేవారి వాదనలోనూ బలం లేకపోలేదు. పాత బ్రౌజర్ వాడేవారిని వెబ్‌సైట్లు అడ్డుకోవాలా, అనుమతించాలా అనే చర్చ ప్రపంచవ్యాప్తంగా చాలా కాలంగా సాగుతోంది. మన ప్రాంత వినియోగదారులు సైతం ఈ విషయంపై అవగాహన పెంచుకోవలసిన అవసరం ఉంది.

బ్రౌజర్ పాతబడటం అంటే...

ఫోన్‌లో గానీ, కంప్యూటర్‌లో గానీ వెబ్‌సైట్లను తెరిచి చూపే సాఫ్ట్‌వేరే బ్రౌజర్. 1990వ దశకంలో నెట్‌స్కేప్ నావిగేటర్, ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ సంస్థ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రాజ్యమేలాయి. 2004లో ఫైర్‌ఫాక్స్, 2008లో గూగుల్ క్రోమ్ రంగప్రవేశం చేశాయి. మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు స్వస్తి పలికింది.

బ్రౌజర్ అరిగిపోయే వస్తువు కాదు. నిన్న పనిచేసినట్లే నేడూ పనిచేస్తుంది. అయితే దానిలోని లోపాలు ఒక్కొక్కటిగా బయటపడుతుంటాయి. తయారీదారులు ఆ లోపాలను సరిచేసి ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్ విడుదల చేస్తారు. దానిని వేసుకోని వారి పరికరంలో ఆ లోపం అలాగే ఉండిపోతుంది. పైగా ఆ లోపం ఏమిటో అప్పటికి లోకమంతటికీ తెలిసిపోతుంది. దొంగలకు సైతం తెలుస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

సిరిసిల్ల నేత కార్మికులకు ఈ విషయం తేలికగా బోధపడుతుంది. పాత సాంచా మీద కూడా బట్ట దిగుతుంది. కానీ బెల్టుకు, చక్రానికి రక్షణ కవచం లేని సాంచా దగ్గర నిలబడేవాడి చేయి ఎప్పుడూ ప్రమాదం అంచునే ఉంటుంది. పాత బ్రౌజర్ పరిస్థితి కూడా అంతే.

అడ్డుకునేవారి వాదన

వెబ్‌సైట్ నిర్వాహకులు ప్రధానంగా మూడు కారణాలు చెబుతారు. మొదటిది భద్రత. 2010 జనవరిలో గూగుల్ సంస్థ తన వ్యవస్థలపై దాడి జరిగిందని ప్రకటించింది. దాడి చేసినవారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని ఒక లోపాన్ని వాడుకున్నట్లు తేలింది. అప్పట్లో జర్మనీ, ఫ్రాన్స్ దేశాల ప్రభుత్వ సంస్థలు కొంతకాలం వేరే బ్రౌజర్ వాడుకోవాలని తమ ప్రజలకు సూచించడం గమనార్హం. పాత సాఫ్ట్‌వేర్ వల్ల కలిగే ముప్పు తెలుగు నేలకూ కొత్త కాదు. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది బ్రౌజర్ లోపం కాదు, విండోస్‌లోని లోపం. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. విరుగుడు వేసుకోని కంప్యూటర్లే చిక్కుకున్నాయి.

రెండోది రహస్య సంభాషణ. మనం పాస్‌వర్డ్, ఓటీపీ, ఖాతా సంఖ్య నమోదు చేసినప్పుడు అవి దారిలో ఎవరి కంటా పడకుండా బ్రౌజర్, వెబ్‌సైట్ కలిసి ఒక సంకేత భాషలో మాట్లాడుకుంటాయి. దీని పేరు టీఎల్ఎస్. 1999 నాటి 1.0, 2006 నాటి 1.1 పద్ధతులు బలహీనమైనవని తేలడంతో ప్రధాన బ్రౌజర్ సంస్థలన్నీ 2020లో వాటిని పక్కన పెట్టడం మొదలుపెట్టాయి. పాత భాష మాత్రమే తెలిసిన బ్రౌజర్ వస్తే బ్యాంకు వెబ్‌సైట్ దానితో మాట్లాడేందుకు నిరాకరిస్తుంది. దీనిని తప్పు పట్టలేం.

మూడోది ఖర్చు. ఒకే పేజీని కొత్త బ్రౌజర్ కోసం ఒకసారి, పాత దాని కోసం మరోసారి తయారుచేయాలంటే శ్రమ రెట్టింపవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన కోగన్ అనే ఆన్‌లైన్ దుకాణం 2012 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7తో కొనుగోలు చేసేవారిపై 6.8 శాతం ‘పన్ను’ ప్రకటించి వార్తలకెక్కింది. ఆ బ్రౌజర్ విడుదలైన నాటి నుంచి నెలకు 0.1 శాతం చొప్పున లెక్కగట్టింది. వేరే బ్రౌజర్‌తో వస్తే ఆ పన్ను ఉండదు. చూడటానికి ఇది చమత్కారమే అయినా, పాత దానిని మోయడం నిర్వాహకులకు ఎంత భారమో ఆ సంఘటన తెలియజేస్తుంది.

నష్టపోయేది ఎవరు?

అయితే తలుపు మూస్తే బయట మిగిలేది ఎవరన్నదే అసలు ప్రశ్న. పాత బ్రౌజర్ వాడేవారందరూ బద్ధకస్తులు కారు. చాలామందికి కొత్తది వేసుకునే వీలే ఉండదు. ఫోన్‌లోని ఆండ్రాయిడ్ పాతదైతే దాని మీద కొత్త క్రోమ్ ఎక్కదు. 2025 ఆగస్టులో వచ్చిన క్రోమ్ 139వ వెర్షన్ నుంచి ఆండ్రాయిడ్ 10 గానీ, అంతకంటే కొత్తది గానీ తప్పనిసరి అయింది. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ఫోన్లకు 138వ వెర్షనే ఆఖరిది. కంప్యూటర్ల విషయమూ ఇంతే. విండోస్ ఎక్స్‌పీకి క్రోమ్ 49, విండోస్ 7కు క్రోమ్ 109 చివరి వెర్షన్లు. ‘కొత్త వెర్షన్‌కు మారండి’ అని తెరపై వచ్చే సలహాకు ఇలాంటి చోట ‘కొత్త ఫోన్ కొనండి’ అనే అర్థం వస్తుంది. అది పేదవాడికి మోయలేని మాట.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వేలాది మంది ఉపాధి నిమిత్తం గల్ఫ్ దేశాలకు వెళ్లారు. సెలవుపై వచ్చినవారు తమ పాత ఫోన్‌ను ఇంట్లో ఇచ్చి వెళ్లడం పరిపాటి. అదే ఫోన్‌లో ఇంటి ఇల్లాలు డబ్బు వచ్చిందో లేదో చూసుకుంటుంది, పిల్లలు పరీక్షా ఫలితాలు చూసుకుంటారు. విదేశీ ఉపాధి పేరిట మోసాలు జరుగుతున్న నేపథ్యంలో, ఏజెంటుకు అనుమతి ఉన్నదీ లేనిదీ కేంద్ర విదేశాంగ శాఖ నిర్వహించే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. అలాంటి జాబితా పాత ఫోన్‌లో తెరుచుకోకపోతే ఆ కుటుంబం దళారి నోటిమాటనే నమ్మవలసి వస్తుంది. భద్రత పేరుతో మూసిన తలుపు మనిషిని అంతకంటే పెద్ద ప్రమాదంలోకి నెట్టడం అంటే ఇదే.

బీడీ కార్మికురాలు తన భవిష్య నిధి ఖాతాలో ఎంత ఉన్నదో తెలుసుకోవాలన్నా, జగిత్యాల, మెట్‌పల్లి పసుపు రైతు నిజామాబాద్ మార్కెట్ ధర చూసుకోవాలన్నా, ఇంటర్ పూర్తయిన విద్యార్థి ‘దోస్త్’ ద్వారా డిగ్రీ సీటుకు దరఖాస్తు చేయాలన్నా ఆధారం వెబ్‌సైటే. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా భూమి వివరాలు చూసుకునే దారి మాత్రం అంతర్జాలమే. ఈ వెబ్‌సైట్లు పాత బ్రౌజర్లను అడ్డుకుంటున్నాయని ఇక్కడ చెప్పడం లేదు. అడ్డుకుంటే దెబ్బ ఎవరికి తగులుతుందో గుర్తించాలన్నదే ఉద్దేశం. ఆఖరు తేదీ నాడు తలుపు మూసుకుంటే విద్యార్థికి ఒక విద్యా సంవత్సరమే చేజారవచ్చు.

కొవిడ్ కాలంలో 2021 మే నుంచి 18-44 ఏళ్ల వారికి టీకా కోసం కొవిన్‌లో ముందస్తు నమోదు తప్పనిసరి చేసినప్పుడు, అంతర్జాల సౌకర్యం లేని గ్రామీణుల పరిస్థితి ఏమిటని అదే నెల 31న సుప్రీంకోర్టు ప్రశ్నించిన విషయం తెలిసిందే. సేవకు ఒకే తలుపు ఉంచితే అది ఎంత మందికి మూసుకుపోతుందో ఆ ఉదంతం చాటింది.

తెలుగువారికి పాత అనుభవమే

బ్రౌజర్ కారణంగా వెలిపడటం తెలుగు పాఠకులకు కొత్త కాదు. 2000వ దశకంలో ఈనాడు, వార్త వంటి దినపత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఖతులతో నడిచేవి. పేజీతో పాటు ఖతి కూడా దిగే ఏర్పాటు ప్రధానంగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అనువుగా ఉండేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థం కాని గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. అంటే నాడు వెలిపడింది పాత బ్రౌజర్ కాదు, కొత్తదే. ఈ ఇబ్బంది తొలగించడానికి ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధాన్ని రూపొందించారు. అది ఆయా పత్రికల ఖతులను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి అందింది. క్రమంగా వెబ్‌సైట్లన్నీ యూనికోడ్‌కు మారడంతో ఏ బ్రౌజర్‌లోనైనా తెలుగు చదువుకునే వీలు కలిగింది. అందరికీ ఉమ్మడిగా ఉన్న ప్రమాణాన్ని పాటించిన రోజునే తలుపు అందరికీ తెరుచుకుందన్నది ఈ అనుభవం నేర్పే పాఠం.

దక్షిణ కొరియాది ఇంతకంటే పెద్ద గాథ. అక్కడ బ్యాంకు పనులకు, ప్రభుత్వ సేవలకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసే యాక్టివ్ ఎక్స్ సాంకేతికతను వాడారు. ఫలితంగా ఆ దేశ ప్రజలు ఏళ్ల తరబడి ఒకే బ్రౌజర్‌కు బందీలయ్యారు. ప్రజలు పాత బ్రౌజర్‌ను వదలకపోవడానికి ఒక్కోసారి వెబ్‌సైట్లే కారణమవుతాయనడానికి ఇది నిదర్శనం.

పేరు చూసి పంపేయడం పొరపాటు

బ్రౌజర్ ఏదైనా వెబ్‌సైట్‌కు వెళ్లినప్పుడు తన పేరు, వెర్షన్ సంఖ్య చెప్పుకుంటుంది. చాలా వెబ్‌సైట్లు ఆ పేరు చూసే లోనికి రానివ్వాలో లేదో నిర్ణయిస్తాయి. ఈ పద్ధతి ఎంత లోపభూయిష్టమో చరిత్ర చెబుతోంది. 1990వ దశకంలో కొన్ని వెబ్‌సైట్లు ‘మొజిల్లా’ అని చెప్పుకున్న నెట్‌స్కేప్‌కే మంచి పేజీలు పంపేవి. దాంతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా తానూ మొజిల్లానే అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. నేటికీ క్రోమ్, సఫారీ, ఎడ్జ్ అన్నీ తమ పరిచయాన్ని ఆ పేరుతోనే ఆరంభిస్తాయి.

2009లో ఒపెరా బ్రౌజర్ పదో వెర్షన్ వచ్చినప్పుడు మరో వింత జరిగింది. కొన్ని వెబ్‌సైట్లు 10లోని మొదటి అంకె మాత్రమే చదివి, ఇది ఒకటో వెర్షన్ అని భ్రమపడ్డాయి. సరికొత్త బ్రౌజర్‌ను మరీ పాతదిగా లెక్కగట్టాయి. చివరికి ఒపెరా తన వెర్షన్‌ను 9.80గా చెప్పుకోవలసి వచ్చింది. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నూరో వెర్షన్‌కు చేరినప్పుడు మూడంకెల సంఖ్యతో ఇదే చిక్కు రావచ్చని ఆ సంస్థలు ముందుగానే పరీక్షలు జరుపుకున్నాయి.

అందువల్ల పేరు అడగడం కంటే పని అడగడం మేలు. ‘ఈ పని నీకు వచ్చా?’ అని బ్రౌజర్‌ను పరీక్షించి, వస్తే ఆ సౌకర్యం ఇవ్వడం, రాకపోతే సాదా పేజీ చూపడం ఉత్తమ పద్ధతి. ముందు అందరికీ అందే అక్షరాలు, ఆ తర్వాతే హంగులు అన్నది దీని సూత్రం. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ సూత్రాన్నే పాటిస్తోంది. 2013లో అక్కడ జరిపిన పరిశీలనలో 1.1 శాతం సందర్శకులకు పేజీలోని జావాస్క్రిప్ట్ హంగులు అందడం లేదని తేలింది. వారిలో అత్యధికుల బ్రౌజర్లకు ఆ సామర్థ్యం ఉంది. నెట్‌వర్క్ అంతరాయం వంటి ఇతర కారణాల వల్లే అవి చేరలేదు. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే మన పల్లెలకు ఈ విషయం మరింతగా వర్తిస్తుంది.

ఏది మూయాలి? ఏది మూయరాదు?

వెబ్‌సైట్ పనులను మూడు రకాలుగా విడదీస్తే సమస్య చాలావరకు తేలిపోతుంది.

మొదటిది చదువుకునే సమాచారం. మార్కెట్ ధరలు, నోటిఫికేషన్లు, ఆఖరు తేదీలు, అర్హుల జాబితాలు, వార్తలు ఈ కోవలోకి వస్తాయి. చదివేవాడి నుంచి వెబ్‌సైట్ ఏ రహస్యమూ అడగదు. కాబట్టి ఇక్కడ అడ్డంకి పెట్టడానికి బలమైన కారణం లేదు. పేజీ కొంచెం వంకరగా కనిపించినా అక్షరం కనిపిస్తే చాలు.

రెండోది దరఖాస్తులు. ఇక్కడ ముందుగానే హెచ్చరించాలి. పది పేజీలు నింపిన తర్వాత, చివరి మీట నొక్కే వేళ ‘మీ బ్రౌజర్ పనికిరాదు’ అనడం అన్యాయం. మొదటి పేజీలోనే విషయం చెప్పి, ప్రత్యామ్నాయంగా మీసేవ కేంద్రం, కార్యాలయ చిరునామా, ఫోన్ నంబరు చూపాలి.

మూడోది సొమ్ము, ఆధార్, ఓటీపీలతో కూడిన లావాదేవీలు. పాత బ్రౌజర్‌తో వీటిని అనుమతిస్తే నష్టపోయేది వినియోగదారుడే. ఇక్కడ కట్టడి న్యాయమే. అయితే ఆ మాటను తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. లావాదేవీ పేజీని మూసినా మిగిలిన సమాచార పేజీలను తెరిచే ఉంచాలి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోరు కదా!

ఏ కట్టడికైనా గడువు కూడా ఇవ్వాలి. యూట్యూబ్ 2009 జూలైలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వాడేవారికి ముందుగా హెచ్చరిక చూపింది. 2010 మార్చి 13న గానీ దానికి మద్దతు నిలిపివేయలేదు. మధ్యలో దాదాపు 8 నెలల వ్యవధి లభించింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా ధ్రువపత్రాలు ఇస్తుంది. తాను తలపెట్టిన మార్పు వల్ల 7.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వెబ్‌సైట్లు తెరుచుకోవని 2020 నవంబరులో ప్రకటించింది. అప్పటికి ఆండ్రాయిడ్ పరికరాల్లో అలాంటివి 33.8 శాతం. మూడో వంతు జనాన్ని వదులుకోవడం ఇష్టంలేక మరుసటి నెలలోనే ప్రత్యామ్నాయ ఏర్పాటు చేసి 2024 వరకు గడువు పొడిగించింది. తలచుకుంటే దారి దొరుకుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల రూపకల్పనకు 2009లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించి చూడాలన్నది ఆ మార్గదర్శకాల స్ఫూర్తి. కార్యాలయంలోని కొత్త కంప్యూటర్‌లోనే కాక, పల్లెల్లో వాడే చవక ఫోన్‌లోనూ ఆ పరీక్ష జరిపితే ఫలితం ఉంటుంది.

‘అప్‌డేట్’ పేరిట మోసం

ఈ వ్యవహారంలో వినియోగదారులు గుర్తించవలసిన మరో ప్రమాదం ఉంది. ‘మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి’ అంటూ నకిలీ ప్రకటనలు చూపి వైరస్ దింపే ముఠాలు ప్రపంచమంతటా ఉన్నాయి. వెబ్‌సైట్లు ఇలాంటి సందేశాలను అతిగా చూపే కొద్దీ, కనిపించిన ప్రతి మీట నొక్కే అలవాటు జనానికి అబ్బుతుంది. కాబట్టి కింది జాగ్రత్తలు పాటించడం శ్రేయస్కరం.

వెబ్‌పేజీలో కనిపించే అప్‌డేట్ మీటను నొక్కరాదు. ఫోన్‌లోనైతే ప్లే స్టోర్ తెరిచి క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ పేరు వెతికి అక్కడే అప్‌డేట్ చేసుకోవాలి.

కంప్యూటర్‌లో క్రోమ్ పైభాగాన ఉన్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ క్రోమ్’ తెరిస్తే వెర్షన్ సంఖ్య కనిపిస్తుంది. కొత్తది ఉంటే అక్కడే దిగుతుంది.

‘కనెక్షన్ సురక్షితం కాదు’ అన్న సందేశం వస్తే ముందుగా ఫోన్‌లోని తేదీ, సమయం సరిచూసుకోవాలి. అవి తప్పుగా ఉన్నా ఇదే సందేశం వస్తుంది. తేదీ సరిగానే ఉండి సందేశం పోకపోతే ఆ పేజీలో పాస్‌వర్డ్, ఓటీపీ నమోదు చేయరాదు.

పాత ఫోన్‌లో వార్తలు, ధరలు చూసుకోవచ్చు. బ్యాంకు పనులు మాత్రం అందులో చేయకపోవడం మంచిది. ఇంట్లో ఎవరికైనా కొత్త ఫోన్ ఉంటే ఆ పనులు దానిలోనే ముగించుకోవాలి.

నెట్ సెంటర్‌కు వెళ్లినవారు పని పూర్తయ్యాక లాగౌట్ అయ్యారో లేదో చూసుకోవాలి. బ్రౌజర్ పాస్‌వర్డ్ దాచమంటారా అని అడిగితే వద్దనాలి.

సొమ్ము పోయినట్లు గుర్తిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

అధికారులు చేయదగినది

పాత ఫోన్లు ఒక్కరోజులో మాయం కావు. కొత్తవి కొనే స్తోమత అందరికీ రాదు. అందువల్ల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోని గ్రంథాలయాల్లోనూ, పెద్ద గ్రామ పంచాయతీల్లోనూ తాజా బ్రౌజర్ ఉన్న కంప్యూటర్ ఒక్కటైనా ప్రజలకు అందుబాటులో ఉంచితే చాలామందికి ఊరట కలుగుతుంది. ప్రవేశాలు, దరఖాస్తుల ఆఖరు తేదీలకు ముందు వారం రోజులైనా అక్కడ సాయం చేసే మనిషిని నియమించవచ్చు. దీనికి భారీ నిధులేమీ అవసరం లేదు.

వెబ్‌సైట్ నిర్వాహకులు సైతం ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పాత బ్రౌజర్‌తో వచ్చినవాడు దొంగ కాదు, దొంగల బారిన పడే ప్రమాదం ఉన్నవాడు. అతడిని గడప బయటే నిలిపివేస్తే ఆ ప్రమాదం తొలగిపోదు. విషయం విడమరిచి చెప్పి, చదువుకోనిచ్చి, సొమ్ము దగ్గర మాత్రం ఆపి, వేరే దారి చూపడమే అతడికి అసలైన రక్షణ.